అవగాహన: ఆంధ్రా, ఉస్మానియా విశ్వవిద్యాలయాలు – సామ్యాలు, భేదాలు, ఎంపిక ప్రాతిపదికలు

విషయ పరిచయం

స్థాపనా విధానాన్ని బట్టి భారతదేశంలోని విశ్వవిద్యాలయాలను నాలుగు రకాలుగా వర్గీకరిస్తారు. పార్లమెంటు చట్టంతో ఏర్పడేవి కేంద్రీయ విశ్వవిద్యాలయాలు. రాష్ట్ర శాసనసభ చట్టంతో ఏర్పడి రాష్ట్ర నిధులతో నడిచేవి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు. యూజీసీ చట్టం–1956లోని సెక్షన్ 3 కింద హోదా పొందేవి డీమ్డ్ విశ్వవిద్యాలయాలు. నాలుగో రకం ప్రైవేటు విశ్వవిద్యాలయాలు. రకాలు వేరైనప్పుడు ఎంపిక సులభం. ఒకే రకానికి చెంది, ఒకే చట్టం కింద నడిచి, ర్యాంకుల్లోనూ దగ్గర దగ్గరగా ఉండే రెండు సంస్థల మధ్య ఎంపికే కష్టం. తెలుగు విద్యార్థికి దీనికి తగిన ఉదాహరణ విశాఖపట్నంలోని ఆంధ్రా విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయం.

చారిత్రక నేపథ్యం

రెండింటి వ్యవస్థాపక దినం ఏప్రిల్ 26. ఇది యాదృచ్ఛికమే అయినా బహుళైచ్ఛిక ప్రశ్నలకు అనువైన అంశం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917 ఏప్రిల్ 26న ఫర్మానా జారీ చేయగా 1918లో ఉస్మానియా ఏర్పడింది. 1919లో తరగతులు మొదలయ్యాయి. మద్రాసు శాసనసభ చేసిన 1925 నాటి చట్టం ప్రకారం ఆంధ్రా విశ్వవిద్యాలయం 1926 ఏప్రిల్ 26న ఏర్పడింది. దక్షిణ భారతంలో మద్రాసు (1857), మైసూరు (1916) తరువాత ఉస్మానియా మూడోది.

ఒకటి సంస్థానాధీశుని ఆజ్ఞతోనూ, మరొకటి ప్రజల డిమాండుతోనూ పుట్టాయి. ఉర్దూను బోధనా మాధ్యమంగా స్వీకరించిన తొలి భారతీయ విశ్వవిద్యాలయం ఉస్మానియా. ఇందుకోసం ప్రత్యేకంగా అనువాద సంస్థను నెలకొల్పి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి మార్పించారు. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైన తరువాత మాధ్యమం ఇంగ్లిష్‌కు మారింది. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేసిన ఆర్ట్స్ కళాశాల భవనాన్ని 1939లో ప్రారంభించారు.

ఆంధ్రా విశ్వవిద్యాలయ తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి (1926–31). ఆయన తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్ (1931–36) ఆ పదవిని నిర్వహించారు. ఆపై 1936 నుంచి 1949 వరకు మళ్లీ కట్టమంచి వారే. తొలి ఉపకులపతి, రెండో ఉపకులపతి అన్న ప్రశ్నలో అభ్యర్థులు తరచూ తడబడతారు కనుక ఈ మూడు కాలావధులను కలిపి గుర్తుంచుకోవాలి. ప్రధాన కేంద్రం మొదట బెజవాడలో ఉండి 1930లో వాల్తేరుకు మారింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కొంతకాలం గుంటూరు నుంచి పనిచేసింది. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల చొప్పున విరాళం ఇచ్చారు. శాస్త్ర, సాంకేతిక కళాశాలకు ఆయన పేరే పెట్టారు.

ప్రధాన కేంద్రం ఎక్కడ ఉండాలన్న వివాదానికి రాజకీయ ఫలితం కూడా ఉంది. దత్త మండలాల జిల్లాలు ఆంధ్రా విశ్వవిద్యాలయ పరిధి నుంచి తప్పుకొని తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయంలో చేరాయి. ఈ అసంతృప్తి కారణంగానే కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలన్న అంశం చేరింది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడింది. స్థానికత నిబంధనల్లో కనిపించే మూడు ప్రాంతాలకు మూలం ఇక్కడే ఉంది.

చట్టపరమైన స్వరూపం

రెండు సంస్థలకూ ఒకప్పుడు వేర్వేరు చట్టాలుండేవి. ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం–1991 వాటిని ఒకే చట్రంలోకి తెచ్చింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ అదే చట్టాన్ని తనకు అన్వయించుకుంది. రెండింటిలోనూ ఉపకులపతి పదవీకాలం మూడేళ్లే, పాలక మండలి నిర్మాణమూ దాదాపు ఒకటే. కాబట్టి పాలనా స్వరూపం ఆధారంగా ఒకదాన్ని మెరుగైనదిగా తేల్చడం సాధ్యం కాదు.

స్థానికత: మొదటి వడపోత

ర్యాంకులు చూడకముందే అభ్యర్థి తేల్చుకోవలసిన అంశం ఇది. 1973 సెప్టెంబరు 21 నాటి ఆరు సూత్రాల పథకం ఫలితంగా 32వ రాజ్యాంగ సవరణ ద్వారా 371–డి, 371–ఇ అధికరణలు చేరాయి. 371–డి కింద 1974లో విద్యాసంస్థల ప్రవేశాల క్రమబద్ధీకరణపై రాష్ట్రపతి ఉత్తర్వులు వెలువడ్డాయి. 371–ఇ ఆధారంగా ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం కేంద్రీయ సంస్థ కనుక దానికి ఈ ఉత్తర్వులు వర్తించవు. ఉస్మానియా, హైదరాబాద్ విశ్వవిద్యాలయాలు ఒకే నగరంలో ఉన్నా ఈ విషయంలో పూర్తిగా భిన్నమైనవి.

రాష్ట్రపతి ఉత్తర్వులు ఉమ్మడి రాష్ట్రాన్ని మూడు స్థానిక ప్రాంతాలుగా విభజించాయి. శ్రీకాకుళం నుంచి ప్రకాశం వరకు ఉన్న కోస్తా జిల్లాలు ఆంధ్రా విశ్వవిద్యాలయ ప్రాంతం. తెలంగాణ జిల్లాలు ఉస్మానియా ప్రాంతం. నాలుగు రాయలసీమ జిల్లాలు, నెల్లూరు కలిసి శ్రీ వేంకటేశ్వర ప్రాంతం. నెల్లూరు కోస్తా జిల్లా అయినా మూడో ప్రాంతంలో ఉండటం పరీక్షల్లో తరచూ ఎదురయ్యే మెలిక. రాష్ట్రవ్యాప్త సంస్థల్లో ఈ మూడు ప్రాంతాల మధ్య సీట్ల నిష్పత్తి 42:36:22గా ఉండేది.

మిగతా సంస్థల్లో 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయిస్తారు. మిగిలిన 15 శాతం అన్‌రిజర్వుడు. ఈ 15 శాతాన్ని చాలామంది ‘నాన్ లోకల్ కోటా’గా భావిస్తారు. అది సరికాదు. ఈ సీట్లకు ప్రతిభ ఆధారంగా స్థానికులూ పోటీపడతారు. ఫలితంగా బయటి ప్రాంతం వారికి దక్కేవి 15 శాతం కంటే తక్కువే కావచ్చు.

అర్హత పరీక్ష రాసిన సంవత్సరంతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివినవారే స్థానిక అభ్యర్థి అన్నది ప్రధాన నిర్వచనం. డిగ్రీ లేదా ఇంజినీరింగ్‌లో చేరేవారికి అర్హత పరీక్ష ఇంటర్మీడియట్ కనుక తొమ్మిది, పది తరగతులు, ఇంటర్ రెండేళ్లు లెక్కకు వస్తాయి. పీజీకి అర్హత పరీక్ష డిగ్రీ. మూడేళ్ల డిగ్రీ చదివినవారికి ఆ మూడేళ్లూ, దానికి ముందటి ఇంటర్ రెండో సంవత్సరమూ లెక్కలోకి వస్తాయి. విజయనగరంలో పుట్టి పెరిగి ఇంటర్, డిగ్రీ హైదరాబాద్‌లో చదివిన అభ్యర్థి ఈ నిర్వచనం ప్రకారం పీజీకి ఉస్మానియా ప్రాంతంలో స్థానికుడు. పుట్టిన ఊరును బట్టి స్థానికత నిర్ణయమవుతుందన్న అపోహతో దరఖాస్తులో తప్పు నింపి సీటు పోగొట్టుకునేవారు ప్రతి ఏటా కనిపిస్తారు.

ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం–2014లోని సెక్షన్ 95 ఈ ప్రవేశ కోటాలను పదేళ్లకు మించకుండా కొనసాగించింది. ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. 2025లో తెలంగాణ ప్రభుత్వం 15 శాతం సీట్లను సైతం రాష్ట్రంతో నిర్దేశిత సంబంధం ఉన్నవారికే పరిమితం చేస్తూ నిబంధనలు సవరించింది. కాబట్టి 2024కు ముందు అచ్చయిన గైడ్లలోని పట్టికలు ప్రవేశాల విషయంలో పనికిరావు. ఆ ఏటి నోటిఫికేషన్‌లోని స్థానికత నిబంధననే ప్రామాణికంగా తీసుకోవాలి.

గ్రేడు, ర్యాంకు: వేటిని ఎంతవరకు నమ్మాలి

ఉన్నత విద్యాసంస్థలను మదింపు చేసే న్యాక్ 1994లో ఏర్పడింది. దీని కేంద్రం బెంగళూరు. ఇది ఏడు ప్రమాణాల ఆధారంగా 4 పాయింట్ల కొలమానంపై గ్రేడు ఇస్తుంది. ఆంధ్రా విశ్వవిద్యాలయం 2023లో 3.74 పాయింట్లతో ఎ ప్లస్ ప్లస్ గ్రేడు పొందింది. ఉస్మానియా 2017లో 3.52 పాయింట్లతో ఎ ప్లస్ పొందింది. అక్షరాలను మాత్రమే చూస్తే ఒక మెట్టు తేడా కనిపిస్తుంది. అయితే 2017 జూలైలో న్యాక్ తన కొలమానాన్నే మార్చింది. పాత పద్ధతిలో 3.51 నుంచి 3.75 వరకు ఎ ప్లస్, ఆపైన ఎ ప్లస్ ప్లస్. కొత్త పద్ధతిలో 3.51 నుంచే ఎ ప్లస్ ప్లస్. అంటే పాత కొలమానంతో చూస్తే రెండూ ఎ ప్లస్, కొత్త కొలమానంతో చూస్తే రెండూ ఎ ప్లస్ ప్లస్. పాయింట్లలోని తేడా నిజమైనది. గ్రేడులోని తేడా కొలమానం మారడం వల్ల వచ్చింది. గ్రేడు పక్కన సంవత్సరం లేని ప్రకటనతో విశ్వవిద్యాలయాలను పోల్చరాదు.

ఎన్‌ఐఆర్‌ఎఫ్ అనే జాతీయ ర్యాంకింగ్ విధానాన్ని 2015లో ప్రకటించారు. తొలి ర్యాంకులు 2016లో వెలువడ్డాయి. విశ్వవిద్యాలయాలకు బోధన, వనరులకు 30 శాతం, పరిశోధనకు 30, విద్యార్థుల ఫలితాలకు 20, సమ్మిళితత్వానికి 10, బాహ్య అభిప్రాయానికి 10 శాతం భారాంకాలు ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ప్రత్యేక విభాగం 2024లో మొదలైంది. ఆ ఏడాది ఉస్మానియాది 6వ స్థానం, ఆంధ్రాది 7వ స్థానం. 2025లో ఆంధ్రా 4వ స్థానానికి ఎగబాకగా ఉస్మానియా 7వ స్థానంలో నిలిచింది. ఒక్క ఏడాదిలో క్రమం తారుమారైంది. తరగతి గదిలోని బోధన ఏడాదిలో అంతగా మారదు. పీజీ రెండేళ్లు, పీహెచ్‌డీ అంతకంటే ఎక్కువ. చేరిన ఏటి ర్యాంకు పట్టా చేతికొచ్చే నాటికి ఉండకపోవచ్చు. పోటీ పరీక్షలో ర్యాంకు అడిగితే సంవత్సరంతో సహా రాయాలి. ప్రవేశం విషయంలో మాత్రం మూడు, నాలుగు స్థానాల తేడాకు నిర్ణయాత్మక విలువ ఇవ్వడం సమంజసం కాదు.

విభాగాలు, పరిసర సంస్థలు

నిజమైన భేదం ఇక్కడ ఉంది. విశాఖ సముద్రతీర నగరం కనుక ఆంధ్రాలో వాతావరణ శాస్త్రం, సముద్ర శాస్త్రం, మెరైన్ ఇంజినీరింగ్, నౌకా నిర్మాణ శాస్త్రం వంటి విభాగాలు వేళ్లూనుకున్నాయి. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం, నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల, హిందుస్థాన్ షిప్‌యార్డ్, తుపాను హెచ్చరికల కేంద్రం, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం అన్నీ అదే నగరంలో ఉన్నాయి. ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం రసాయన ఇంజినీరింగ్ విద్యార్థులకు చేరువలో ఉంటాయి. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గణితంలో పీజీ ఇక్కడే పూర్తి చేశారు. ఆయనకు 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి లభించింది.

ఉస్మానియా చుట్టూ తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్ ప్రాంతాల్లో జాతీయ పరిశోధన సంస్థలు వరుసగా ఉన్నాయి. జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, సీసీఎంబీ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వాటిలో ముఖ్యమైనవి. జన్యుశాస్త్రం, జీవరసాయన శాస్త్రం, భూభౌతిక శాస్త్రం చదివేవారికి ప్రాజెక్టు కోసం ఊరు దాటవలసిన అవసరం లేదు. ఖగోళ శాస్త్రంలోనూ ఉస్మానియాకు ప్రత్యేకత ఉంది. నిజామియా వేధశాల 1919లో దాని అధీనంలోకి వచ్చింది. జాపాల్–రంగాపూర్ వేధశాలలో 48 అంగుళాల దూరదర్శిని ఉంది. అరబిక్, పర్షియన్, ఉర్దూ విభాగాలతో పాటు మరాఠీ, కన్నడ విభాగాలు కూడా ఉన్నాయి. పాత హైదరాబాద్ రాష్ట్రం మూడు భాషా ప్రాంతాల కలయిక అన్న చరిత్రకు ఇవి ఆనవాళ్లు.

భౌగోళిక సూత్రాన్ని గుడ్డిగా అన్వయించరాదు. దేశానికి సముద్ర సమాచారం, సునామీ హెచ్చరికలు అందించే ఇన్‌కాయిస్ సముద్రమే లేని హైదరాబాద్‌లో ఉంది. రెండు చోట్లా సమానంగా దొరికే తెలుగు, చరిత్ర, వాణిజ్యం, గణితం వంటి విభాగాల్లో పరిసరాల ప్రభావం స్వల్పమే.

అధ్యాపకుల స్థితి

రెండు విశ్వవిద్యాలయాల్లోనూ పదవీ విరమణ చేసినవారి స్థానాలు ఏళ్ల తరబడి భర్తీ కాలేదు. పలు విభాగాలు కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులతో నడుస్తున్నాయి. పరిశోధనాభిలాష ఉన్నవారికి ఇది కీలకం. యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు–2022 ప్రకారం పర్యవేక్షకుడు శాశ్వత అధ్యాపకుడై ఉండాలి. ఏకకాలంలో ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందికి మించి పర్యవేక్షించరాదు. ఒక విభాగంలో ఒక ప్రొఫెసర్, ఇద్దరు అసిస్టెంట్ ప్రొఫెసర్లు మాత్రమే శాశ్వత ప్రాతిపదికన ఉంటే గరిష్ఠంగా 16 పీహెచ్‌డీ స్థానాలే. అవి ఇప్పటికే నిండి ఉంటే ఖాళీ సున్నా. విభాగం వెబ్‌పేజీలో పేర్లను లెక్కించేటప్పుడు హోదాను కూడా చూడాలి.

క్యాంపస్, అనుబంధ కళాశాల

ఒకే విశ్వవిద్యాలయం పట్టా మూడు మార్గాల్లో లభిస్తుంది: విశ్వవిద్యాలయం నేరుగా నడిపే కళాశాల, అనుబంధ కళాశాల, దూరవిద్య. 1887లో మొదలైన నిజాం కళాశాల దశాబ్దాలపాటు మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండి 1947లో ఉస్మానియాలో భాగమైంది. ఆంధ్రాలో దూరవిద్య 1972లో, ఉస్మానియాలో 1977లో ఆరంభమైంది. పైన చెప్పిన గ్రేడులు, ర్యాంకులు, ప్రయోగశాలలు విశ్వవిద్యాలయానికి చెందినవి. అనుబంధ కళాశాలకు అవి సంక్రమించవు. ఉస్మానియా అనుబంధ కళాశాలలో సీటు, ఆంధ్రా క్యాంపస్‌లో సీటు ఒకేసారి చేతిలో ఉంటే పోల్చవలసింది రెండు విశ్వవిద్యాలయాలను కాదు, ఒక కళాశాలను ఒక క్యాంపస్‌తో.

ప్రవేశ మార్గాలు, వ్యయం

తెలంగాణలో సాధారణ పీజీ కోర్సులకు సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ఏపీ పీజీసెట్ నిర్వహిస్తున్నారు. ఈ రెండూ వేర్వేరు పరీక్షలు, వేర్వేరు కౌన్సెలింగ్‌లు. ఒకదాని ర్యాంకు రెండోదానిలో చెల్లదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇచ్చేది విశ్వవిద్యాలయం కాదు, రాష్ట్ర ప్రభుత్వం. పక్క రాష్ట్రంలో చేరితే ఆ సాయం వర్తిస్తుందో లేదో ముందే తెలుసుకోవాలి. ఒకే కోర్సులో రెగ్యులర్, సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు పక్కపక్కనే ఉండవచ్చు. కౌన్సెలింగ్ ఆప్షన్ల జాబితాలో వాటి కోడ్‌లు వేరుగా ఉంటాయి. ఆప్షన్లు పెట్టేటప్పుడు రెగ్యులర్ కోడ్‌ను ముందు, సెల్ఫ్ ఫైనాన్స్ కోడ్‌ను తరువాత ఉంచాలి. హాస్టల్ వసతి రెండో రకం సీటుకు వర్తిస్తుందా అన్నది ఫీజు కట్టకముందే సంబంధిత కళాశాల కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.