ఏటికి బోవుటకు ముందు

1864వ సంవత్సరమున ఇంగ్లండు నుండి బయలుదేరిన ‘నార్‌ఫోక్’ అను తెరచాప యోడలో, టాస్మేనియా ద్వీపపు టేళ్లను నింపు నుద్దేశముతో, సుమారు లక్ష సాల్మను గ్రుడ్లు మంచుగడ్డల నడుమ తడినాచులో నమర్చబడి భూమధ్యరేఖను దాటిపోయినవి. అంతకు బూర్వపు ప్రయత్నములన్నియు విఫలము కాగా, జేమ్స్ యూల్ అను నాతడు నిరాశ చెందక, లండనులోని యొక మంచుకొట్టునందు గ్రుడ్లనుంచి, అవి యెన్నాళ్లు ప్రాణముతో నుండునో పరీక్షించి చూచిన పిమ్మటనే వానిని ఓడ కెక్కించెను. ఇంత శ్రమపడి తెచ్చిన సాల్మనులు అచ్చట నిలద్రొక్కుకొనలేదు. చివరి గడియలో వానితో జేర్చిన కొలది ట్రౌటు గ్రుడ్లు మాత్రము వంశము నిలుపుకొని, 1867లో న్యూజిలాండునకు సైతము చేరి, నేడు దేశదేశముల గాలగాండ్రను అచ్చటికి రప్పించుచున్నవి.

చాలీచాలని రాబడి గలవానికి అంతదూరపు వేట యేల యని పరిహసించువారు కలరు. ధనికుడు ద్రవ్యముతో గడించు సౌకర్యమును అల్పవిత్తుడు యోచనతో గడింపవలయును; ఆ యోచనయే, నా యభిప్రాయమున, ఈ వేటలో సగము లాభము. నేను తొలుత వ్రాసికొన్న చిట్టాలో విమానపు టిక్కెట్టు క్రింద క్రొత్త గాలపుకఱ్ఱయు, దాని క్రింద హెలికాప్టరు విహారమును ఉండినవి. చేపలవేట లైసెన్సు ఎక్కడను లేదు! మూడుమార్లు చించి వ్రాసిన పిదప గాని, నాకు గావలసినది ట్రౌటా, ట్రౌటు పట్టెనను పేరా యను ప్రశ్న నాకు దోచలేదు. ఆ ప్రశ్నకు సమాధానము దొరకినంతనే సగము పద్దులు వాటంతట నవియే రాలిపోయినవి.

మిగిలినవాని లెక్క సులభము. న్యూజిలాండున చాల నదులలో వేటకాలము అక్టోబరు 1 నుండి ఏప్రిల్ 30 వఱకు. డిసెంబరు, జనవరులలో అచ్చటివారికే వేసవి సెలవు లగుటచే బసల ధర హెచ్చు. ఫిబ్రవరి, మార్చి నెలలు మన సంచికి హితము. దక్షిణ ద్వీపమున గోర్ పట్టణము ప్రక్కగా బాఱు మటౌరా నదికి దారి పొడవునను గాలగాండ్రకై గుర్తుపలకలు నాటిన ప్రవేశమార్గములు కలవు. హాలిడే పార్కులో దిగి, స్వయముగా వండుకొని, అద్దెకారులో తిరిగిన జాలును. వింత యేమనగా, ట్రౌటును అమ్ముట ఆ దేశమున నిషిద్ధము. కోటీశ్వరుడైనను అంగడిలో దానిని కొనలేడు. అందఱకును లైసెన్సొక్కటే శరణ్యము; టౌపో ప్రాంతమునకు మాత్రము వేఱు లైసెన్సు. గైడును ఒక్క దినమునకే కుదుర్చుకొనుడు. అదియు మొదటి దినముననే, ఏలయన ఆనాడు నేర్చినది తక్కిన దినములన్నిటికిని పనికివచ్చును.

ఖర్చు లేని యభ్యాసమును మాత్రము ఇంటికడనే ముగింపవలయును. ఎరగా ఈకలతో గట్టిన కృత్రిమపు ఈగకు బరువు లేదు, బరువంతయు దారముదే. వెనుకకు విసరిన దారము నిండుగా చాచుకొనువఱకు నిలిచి, అటుపిమ్మటనే ముందునకు విసరవలయును. తొందరపడినచో ఆ దారము మెడకే చుట్టుకొనును. మా యూరి ఆటస్థలమున, కొక్కెమునకు బదులు ఉన్నిపోగు గట్టి, ఆఱు నెలలపాటు ప్రాతఃకాలమున నేనిట్లు విసరుచుండగా, “ఇక్కడ చేపలేవండీ?” అని పిల్లలడిగిరి. క్షణకాలము ఆగుట నేర్చికొనుటకు నాకు ఆఱు నెలలు పట్టెనని వారికెట్లు చెప్పుదును?

మఱియొక మాట. 2004లో న్యూజిలాండు నదులలో డిడిమో యను నాచు బయటపడెను. ఒక యేటి బురద మఱియొక యేటికి సోకకుండుటకై ఫెల్టు అడుగుల బూట్లు అచ్చట నిషేధింపబడినవి. వాడిన బూట్లను శుభ్రముగా కడిగి, ఆరబెట్టి, విమానాశ్రయమున తప్పక ప్రకటింపుడు. దాచినచో 400 డాలర్ల జరిమానా. పొదుపరికి అది నాలుగు రాత్రుల బస!

పదునాలుగు దినముల యాత్రకు బయలుదేరువారు పండ్రెండింటికి మాత్రమే చిట్టా వ్రాయుడు. తక్కిన రెండు దినములు నార్‌ఫోక్ ఓడలో చివర జేర్చిన ట్రౌటు గ్రుడ్ల వంటివి. ఆ గడులలో నేమియు వ్రాయకుడు.