పేరు ఒకటి – పలికే తీరు రెండు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• ఒకే పేరును రెండు భాషలవారు వేరువేరుగా ఎందుకు పలుకుతారో చెప్పగలుగుతారు.
• బెంగాలీ ఉచ్చారణలోని కొన్ని ధ్వనులను గుర్తించగలుగుతారు.
• కాగితాలలో పేరును ఒకే విధంగా రాయవలసిన అవసరాన్ని వివరించగలుగుతారు.

1. పరిచయం

మీ పేరును ఎవరైనా మరోలా పలికితే మీకెలా ఉంటుంది? వెంటనే సరిదిద్దాలనిపిస్తుంది కదా! అయితే అవతలివారు పలికింది ప్రతిసారీ తప్పేనా? కోల్‌కతాలో పుట్టిన ఒకరి పేరును తీసుకొని ఈ విషయం పరిశీలిద్దాం.

2. ఒక అరుదైన పేరు

1938 జనవరి 13న కలకత్తాలో (2001 నుండి కోల్‌కతా) కవి దంపతులైన నరేంద్ర దేవ్, రాధారాణీ దేవిలకు ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ పాపకు 'నవనీత' అని పేరు పెట్టినవారు రవీంద్రనాథ్ ఠాగూర్. ఆమే తరవాత ప్రసిద్ధ రచయిత్రి నవనీతా దేవ్ సేన్ అయ్యారు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో తులనాత్మక సాహిత్యం బోధించారు. 1999లో సాహిత్య అకాడమీ పురస్కారం, 2000లో పద్మశ్రీ పొందారు. 2019 నవంబరు 7న మరణించారు.

'నవనీతం' అంటే అప్పుడే తీసిన వెన్న. కృష్ణుణ్ణి మనం 'నవనీత చోరుడు' అంటాం. మాట మనకు కొత్తది కాదు. కాని లక్ష్మి, సరస్వతి, సీత లాగా ఇంటింటా వినిపించే పేరు కాదు. దేవతల పేర్లు పూజలతో, మొక్కులతో తరతరాలకు అందుతాయి. ఇటువంటి పేరు మాత్రం చెవికి ఇంపుగా ఉండాలి, లేదా ఆ పేరుగలవారిపై గౌరవం కలగాలి. అప్పుడే మరో ఇంటికి చేరుతుంది.

3. ఉచ్చారణ

బెంగాలీలు ఈ పేరును దాదాపు 'నొబొనితా' అని పలుకుతారు. ఎందుకు?

(అ) హల్లులో ఉన్న 'అ' బెంగాలీలో చాలాచోట్ల 'ఒ'కు దగ్గరగా పలుకుతుంది. అందువల్ల 'న' అనేది 'నొ' అవుతుంది.
(ఆ) మన 'వ' ఉన్నచోట వారు సాధారణంగా 'బ' పలుకుతారు. విజయ 'బిజొయా', సావిత్రి 'శాబిత్రి' అవుతాయి.
(ఇ) ఇ, ఈ అక్షరాలు రెండూ రాతలో ఉన్నా, పలకడంలో తేడా దాదాపు లేదు.
(ఈ) సంయుక్తాక్షరాలు కొన్ని మారిపోతాయి. లక్ష్మి 'లొక్ఖి' అవుతుంది.

మరి మనం మార్చలేదా? సంస్కృతంలో లతా, సీతా, నవనీతా అని చివర దీర్ఘం ఉంటుంది. తెలుగులో దాన్ని కురచ చేసి లత, సీత, నవనీత అంటాం. అంటే ఇరువురూ ఆ పేరును తమ నోటికి అనువుగా మలచుకున్నారు. ఇందులో ఎవరిదీ తప్పు కాదు.

4. కాగితంపై పేరు

కోల్‌కతాలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం తమ అమ్మాయికి నవనీత అని పేరు పెట్టిందనుకోండి. ఇంట్లో 'నవనీత', బడిలో 'నొబొనితా'. పిలుపు వరకు చిక్కు లేదు. జనన ధ్రువపత్రంలో ఇంగ్లీషు 'వి' అక్షరంతో రాయించారు. బడి రిజిస్టరులో వినిపించినట్లు 'బి' అక్షరంతో రాశారు. కొన్నేళ్లకు పరీక్ష దరఖాస్తు నింపేటప్పుడు ఆ రెండు కాగితాలూ ఇద్దరు మనుషులవిగా కనిపిస్తాయి! చదివింది ఆమే అయినా, ఆ మాట రుజువు చేసుకోవడానికి తిరగవలసి వస్తుంది.

కాబట్టి పలికే తీరు ఎలా ఉన్నా, రాసే తీరు ఒక్కటే ఉండాలి. దరఖాస్తులో సంతకం చేసేముందు మీ పేరును అక్షరం అక్షరం చదివి, జనన ధ్రువపత్రంతో సరిచూసుకోండి. ఇతరులు రాసిపెట్టినా సరే, చదువుకోవలసింది మీరే.

5. సారాంశం

పేరు భాష మారితే ధ్వని మారుతుంది. అది ఆ భాష స్వభావం. కాగితంపై అక్షరాలు మాత్రం మారకూడదు.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. 'నవనీత' పేరు పెట్టినవారు ఎవరు?
2. 'వాణి', 'విమల' పేర్లను బెంగాలీలు ఎలా పలుకుతారు?
3. సంస్కృత 'లతా' తెలుగులో ఎలా మారింది?

కృత్యం: మీ ఇంట్లోవారి పేర్లను రెండు కాగితాలలో చూసి, తేడాలుంటే రాయండి.

జవాబులు: 1. రవీంద్రనాథ్ ఠాగూర్. 2. బాణి, బిమొలా. 3. చివరి దీర్ఘం పోయి 'లత' అయింది.