తెలియనివారి ముందుంచిన లెక్క

తెగని లెక్కను దాచుకొనరాదు, పదిమంది ముందుంచవలెను. శ్రీనివాస రామానుజన్ 1911లో అట్లే చేసిరి. అప్పటికి ఆయనకు పట్టమును లేదు, స్థిరమైన ఉద్యోగమును లేదు. అయినను భారత గణిత సంఘ పత్రికలో, ముఖపరిచయము లేని పాఠకులను ఇట్లు ప్రశ్నించిరి:

√(1+2√(1+3√(1+4√(1+…)))) విలువ యెంత?

నెలలు గడచినను జవాబు రాలేదు. తుదకు ఆయనయే మార్గము చూపిరి. మీరును పలకపై వేసి చూడుడు.

3 అనగా 9కి వర్గమూలము; 9 = 1+2×4.
4 అనగా 16కి వర్గమూలము; 16 = 1+3×5.
5 అనగా 25కి వర్గమూలము; 25 = 1+4×6.

ఇట్లు ఒక్కొక్క సంఖ్యకు బదులుగా దాని వర్గమూల రూపమును వ్రాయుచు పోయిన, పై ప్రశ్నయే యేర్పడును. కనుక జవాబు 3.

తెలియనిదానిని అడుగుటకు సిగ్గుపడకుడు. మిమ్ము నడిగినవారికి జవాబు మాత్రమే చెప్పి పంపక, దారియు చూపుడు. జవాబుతో ఒక లెక్కయే తీరును. దారి తెలిసిన మరి పది లెక్కలు తీరును.