పాతబండ్లను అమ్ముకొనువారు తెలిసికొనవలసిన సంగతులు

సంతలో ఎద్దును అమ్మువానికి ఒక సుఖము కలదు. బేరగాఁడు తువ్వాలు క్రింద వ్రేళ్ళు పట్టి ధర తేల్చును. సొమ్ము లెక్క చూచుకొని పగ్గము కొన్నవాని చేతికిచ్చుటతో అమ్మినవాని పని తీఱును. మఱునాఁడు ఆ యెద్దు ఎవరి చేను మేసినను జవాబు చెప్పవలసినవాఁడు కొన్నవాఁడే. తరతరములుగా మన మలవాటుపడిన అమ్మకమిది. మోటారు సైకిలును, ట్రాక్టరును, కారును గూడ మనవారు పెక్కుమంది ఈ పద్ధతినే అమ్ముచున్నారు. చిక్కంతయు నిందే యున్నది. మోటారు బండి పగ్గము బండికిఁ గట్టియుండదు; రవాణాశాఖవారి రిజిస్టరులోఁ గట్టియుండును. బండి చేయి మాఱినను రిజిస్టరులో పేరు మాఱనంతవఱకు ఆ పగ్గము మన చేతనే యుండును.

ఈ నెల పాఠమునకు ఈ విషయమునే యెన్నుకొంటిమి. కారణము మన సంఘ సభ్యులలో నొకరి యింట జరిగిన సంగతి. వారి యనుమతితోనే దానిని వ్రాయుచున్నాము. పేళ్ళు మాత్రము వ్రాయము.

1. కృష్ణానగర్‌లో జరిగిన సంగతి

హైదరాబాదున జూబిలీహిల్సు, ఫిలింనగర్‌లకుఁ జేరువను కృష్ణానగర్ అను పేట కలదు. సినిమాలలో చిన్న వేషములు వేయువారు, సెట్లు కట్టు వడ్రంగులు, దీపములు మోయువారు గదులు అద్దెకుఁ దీసికొని యచ్చట నుందురు. మన పల్లెల నుండి పోయిన యువకులును అందుఁ గలరు. మా సభ్యుని కుమారుఁడు అచ్చట సెట్ల పనిలో మూఁడేండ్లుండి, పని తగ్గఁగా ఖరీఫునకు ఇల్లు చేరుదమని తలఁచి, తన మోటారు సైకిలును అమ్మఁజూపెను. ధర 60,000 రూపాయలని వ్రాసి, ఛాయాచిత్రములతో ఫోనులో ప్రకటన యిచ్చెను.

గంట తిరుగకముందే ఒకఁడు ఫోను చేసెను. తాను సైనికుఁడననియు, సికిందరాబాదునకు బదిలీ యైనదనియుఁ జెప్పెను. గుర్తింపు కార్డు పటమును బంపెను. బండిని చూడ నడుగలేదు. ధర తగ్గింపుమనియు నడుగలేదు. "సొమ్ము మా లెక్కల యాఫీసునుండి వచ్చును. నేను పంపు కోడును మీ ఫోనుతోఁ జూపి పిన్ కొట్టుఁడు" అనెను. నమ్మకము కొఱకు మొదట పది రూపాయలు పంపెను; అవి వచ్చినవి. తరువాతఁ బంపిన కోడునకు పిన్ కొట్టఁగానే ఇతని ఖాతానుండి 18,500 రూపాయలు పోయెను. "పొరపాటైనది, మరల కొట్టినచో రెండును గలిపి వచ్చును" అని వాఁడు చెప్పఁగా, కలఁతలో నున్న పిల్లవాఁడు మరల కొట్టెను. మఱియొక 18,500 పోయెను.

చేత డబ్బు లేక, మనసు చెడి, మూఁడవనాఁడు బండిని ఒక మధ్యవర్తికి 45,000 రూపాయల నగదునకు ఇచ్చివేసెను. అతఁడు మోసగాఁడు కాఁడు. సొమ్ము పూర్తిగా నిచ్చెను. "పేరు మార్పు నేను చూచుకొందును" అని ఖాళీ ఫారములమీఁద సంతకములు పెట్టించుకొనెను. పిల్లవాఁడు ఇల్లు చేరెను. నాలుగు నెలలకు శిరస్త్రాణము లేదని, అడ్డదారిని బోయినదని జరిమానా చీటీలు రాసాగెను. పిమ్మట, ఆ బండి ఒక వృద్ధుని గ్రుద్దినదని పోలీసు స్టేషనునుండి పిలుపు వచ్చెను. మధ్యవర్తి దానిని ఎవరికో అమ్మినాఁడు. ఆ కొన్నవాఁడు మఱియొకనికి. రిజిస్టరులో మాత్రము మా సభ్యుని కుమారుని పేరే యున్నది. ఇప్పుడాతఁడు కోతల దినములలో వాయిదాలకై హైదరాబాదునకుఁ దిరుగుచున్నాఁడు.

సభ్యులు గమనింపవలసిన సంగతి యిది. దొంగ చేతఁ బోయినది 37,000 రూపాయలు. అది యంతటితో ముగిసెను. దొంగ కాని వానితోఁ జేసిన బేరము ఇంకను ముగియలేదు. కావున అమ్మువానికి రెండు కావళ్ళు వలయును: ఒకటి సొమ్మునకు, రెండవది పేరునకు. మొదటిదానిని గూర్చి అందఱును హెచ్చరింతురు. రెండవదానిని దలఁచువారు తక్కువ.

2. సొమ్మునకుఁ గావలి

మొదటి సూత్రము: సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ అక్కఱలేదు. యూపీఐ పద్ధతిలో పిన్ అనునది మన ఖాతానుండి సొమ్ము పోవుటకు మన మిచ్చు సెలవు. ధాన్యపుఁ గొట్టులో బస్తా వేయించుకొనుటకుఁ దాళపుచెవి పరులకిత్తుమా? అట్లే, సొమ్ము వేయువానికి మన ఖాతా సంఖ్యయో, మన కోడో చాలును. వాఁడు పంపిన కోడును మనము చూపనక్కఱలేదు; ఓటీపీ చెప్పనక్కఱలేదు. పిన్ అడిగినవాఁడు ఇచ్చుటకు రాలేదు, తీసికొనుటకే వచ్చినాఁడు.

రెండవది: సొమ్ము వచ్చినదని ఇతరుల ఫోనులోఁ జూచి నమ్మరాదు. చెల్లించినట్లు దొంగపటమును సృష్టించుట సులభము. బ్యాంకు సందేశమువలెఁ గనఁబడు కూటసందేశమును బంపుటయుఁ గలదు. మన ఖాతాలో మనమే నిలువ చూచుకొనవలెను. "నేఁడు ఆదివారము, రేపు పడును, బండి యిమ్ము" అను మాటకు లోఁబడరాదు. 2019 డిసెంబరు నుండి నెఫ్టు పద్ధతియు, 2020 డిసెంబరు నుండి రెండు లక్షలకుఁ దక్కువ కాని సొమ్ములకు వాడు ఆర్టీజీఎస్ పద్ధతియు ఆదివారము, పండుగ అనక రేయింబవళ్ళు నడచుచున్నవి. చెక్కునైనచో, అది మాఱి సొమ్ము జమయగు దాఁక బండి నీయరాదు. డిమాండు డ్రాఫ్టును వ్రాసియిచ్చిన బ్యాంకులో విచారించినఁ గాని నమ్మరాదు.

మూఁడవది: 2017 ఏప్రిలు 1 నుండి ఒక బేరమునకు రెండు లక్షల రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగాఁ బుచ్చుకొనుటను ఆదాయపు పన్ను చట్టము నిషేధించినది. పుచ్చుకొన్నవానికి అంత సొమ్మును జరిమానా పడవచ్చును. ట్రాక్టరు అమ్మువారు దీనిని మఱవరాదు.

నాలుగవది: బండిని చూడనివాఁడు కొనువాఁడు కాఁడు. ఎద్దు పండ్లు చూడక, నడక చూడక కొన్నవానిని మనము సంతలో చూచితిమా? ధర తగ్గింపక, బండి చూడక, తొందరపెట్టువాఁడు సైనికుఁడైనను, అధికారి యైనను అనుమానింపఁదగినవాఁడే. సైనికుని వేషము వేయుటకుఁ గారణము, ఆ యుడుపునెడ మనకుఁ గల గౌరవమే.

నడిపి చూచెదనని వచ్చినవానిని ఒంటరిగాఁ బంపరాదు. వెనుక కూర్చుండి పోవలెను. లేదా వాని అసలు గుర్తింపు పత్రమును, వాఁడు వచ్చిన బండి తాళమును దగ్గఱ నుంచుకొనవలెను. బేరము కుదురకమున్ను ఆర్సీ, ఆధారు పటములను ఫోనులోఁ బంపరాదు. వానిని జూపి "నాదే యీ బండి" యని యింకొకరిని మోసగించువారు కలరు.

3. పేరునకుఁ గావలి

1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 50వ సెక్షను ప్రకారము, అదే రాష్ట్రములో అమ్మినచో అమ్మినవాఁడు 14 దినములలోపల ఆ సంగతిని రిజిస్టరు చేయు నధికారికిఁ దెలుపవలెను. కొన్నవాఁడు 30 దినములలో తెలుపవలెను. బండి వేఱు రాష్ట్రమునకుఁ బోవునెడల, అమ్మినవాఁడు 45 దినములలో నిరభ్యంతర పత్రము పొంది పంపవలెను. తెలంగాణ బండిని గుంటూరువానికి అమ్మినను, ఆంధ్ర బండిని ఖమ్మమువానికి అమ్మినను ఈ నిబంధనయే వర్తించును.

ఫారములలో 29వది అమ్మినవాని తెలియఁజేఁత. 30వది ఇరువురును సంతకము చేయు మార్పు దరఖాస్తు. నిరభ్యంతర పత్రమునకు 28వది. బాకీ తీఱినదని తెలుపునది 35వది. వీనిపై కొన్నవాని పేరు, చిరునామా, తేది వ్రాయకమున్ను సంతకము చేయరాదు. ఖాళీ ఫారముమీఁద సంతకము, అంకె వేయని ప్రోనోటుమీఁద సంతకము వంటిది.

పేరు మాఱకున్న నేమగునో సుప్రీం కోర్టువారు 2018 ఫిబ్రవరి 6వ తేదీన ఇచ్చిన తీర్పునఁ దేటపఱచిరి. 2009లో ఒక కారు వెనుకకు నడచి ఒక బాలుని ప్రాణము తీసెను. ఆ కారు అప్పటికే చేతినుండి చేతికిఁ బలుమాఱులు అమ్ముడుపోయినది. రిజిస్టరులో మొదటివాని పేరే నిలిచినది. నష్టపరిహారమునకు రిజిస్టరులో పేరున్నవాఁడే బాధ్యుఁడని న్యాయస్థానము నిర్ణయించెను. దెబ్బతిన్నవారు ఒకని తరువాత నొకని వెదకికొనుచుఁ దిరుగవలసిన పనిలేదని దాని భావము. న్యాయము బాధితుని పక్షముననే యున్నది; అశ్రద్ధచేసి అమ్మినవాఁడు ఆ భారమును మోయవలసి వచ్చును. బండికి బీమా లేనిచో ఆ భారమెంతయో ఊహించుకొనుఁడు.

నేరములలోను పోలీసువారు మొదట వెదకునది రిజిస్టరులోని పేరునే. 2025 నవంబరు 10వ తేదీన ఢిల్లీ ఎఱ్ఱకోట చెంతఁ బేలిన కారు పలువురి చేతులు మాఱినది. దానిని ఏనాఁడో అమ్మివేసినవారిని గూడఁ బోలీసులు పిలిచి ప్రశ్నించిరి.

పాతబండ్ల వర్తకునికి అమ్మువారికి 2023 ఏప్రిలు 1 నుండి ఒక రక్షణ కలిగినది. రవాణాశాఖవారి యధికార పత్రము పొందిన వర్తకునికి బండి యప్పగించి, 29-సి ఫారముద్వారా తెలియఁజేసినచో, అటుపిమ్మట ఆ బండికి వర్తకుఁడే యజమానుఁడుగా నెంచఁబడును. కావున వర్తకుని మొదట ఆ యధికార పత్రము చూపుమని అడుగవలెను. అది లేనివాఁడు ఎంత మంచివాఁడైనను పేరును మనమే మార్పించుకొనవలెను.

4. బాకీయున్న బండ్లు

మన గ్రామములలో "మిగిలిన వాయిదాలు నేనే కట్టుకొందును, బండి యిమ్ము" అను బేరము వాడుకలో నున్నది. ట్రాక్టర్ల విషయమున ఇది మఱియు నెక్కువ. అప్పిచ్చినవారి వ్రాఁతపూర్వకమగు సమ్మతి లేనిది రిజిస్టరులో పేరు మాఱదు. కొన్నవాఁడు రెండు వాయిదాలు కట్టి మానినచో, బండి వానియొద్ద నుండును, బాకీ మనమీఁద నుండును. అప్పు తీర్చి, బాకీ లేదను పత్రమును, 35వ ఫారమును పొంది, ఆర్సీలో బాకీ గుర్తును కొట్టివేయించిన తరువాతనే అమ్మవలెను. చేత సొమ్ము లేనిచో, కొనువానిని వెంటఁబెట్టుకొని అప్పిచ్చిన బ్యాంకునకో సంఘమునకో పోయి, కొనుబడి ధరలోనుండి బాకీని నేరుగా అచ్చటనే కట్టింపవచ్చును.

5. అమ్మకపుఁ గ్రమము

ముందుగా జరిమానా చీటీలను, బీమా గడువును చూచుకొనవలెను. పిమ్మట కొనువాని గుర్తింపు పత్రముల నకళ్ళు తీసికొనవలెను. మన పత్రముల నకళ్ళమీఁద "ఈ బండి పేరు మార్పునకు మాత్రము" అని అడ్డముగా వ్రాసి యీయవలెను. సొమ్ము ఖాతాలోఁ బడిన పిదప ఒప్పందము వ్రాయవలెను. అందు బండి సంఖ్య, ఛాసిస్, ఇంజను సంఖ్యలు, నడచిన కిలోమీటర్లు, ధర, అప్పగించిన తేది, ముఖ్యముగా గంట ఉండవలెను. ఉదయము పదింటికి అమ్మి పదునొకండింటికి బండి ప్రమాదము చేసినచో, ఆ గంటయే మనకు సాక్ష్యము. ఇరువురు సాక్షుల సంతకములు వలయును.

బీమా కంపెనీకిని తెలుపవలెను. ఇతరులకుఁ గలుగు నష్టమునకైన బీమా బండితో గూడఁ బోవునని చట్టము చెప్పుచున్నది. కాని కొన్నవాఁడు 14 దినములలో తన పేరునకు మార్చుకొనఁ గోరవలెను. చివరగా, ఇరువురును గలిసి పేరు మార్పు దరఖాస్తు దాఖలు చేసి, రసీదు భద్రపఱచుకొనవలెను. దరఖాస్తు పద్ధతి రాష్ట్రమును బట్టి కొంత భేదించును గావున, రవాణా కార్యాలయములో ముందుగా విచారించుట మేలు. నెల గడచిన పిదప కొత్త ఆర్సీ నకలును కొన్నవానినుండి తెప్పించి చూచుకొనువఱకు అమ్మకము ముగిసినదని యెంచరాదు.

6. మోసపోయినచో

సొమ్ము పోయిన క్షణముననే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఇది దేశమంతటికిని సైబరు నేరముల ఫిర్యాదు సంఖ్య. తడవు చేయక తెలిపినచో, సొమ్ము దొంగ ఖాతానుండి కదలకమున్నే ఆపు అవకాశము కలదు. సిగ్గుపడి మఱునాఁటికి వాయిదా వేసినవారి సొమ్ము చేతికి రాని దూరము పోవును. బ్యాంకునకును, పోలీసు స్టేషనునకును తెలిపి, సందేశములను చెఱిపివేయక దాఁచవలెను. "సొమ్ము తిరిగి యిప్పింతును" అని మరల ఫోను చేయువాఁడు ఆ దొంగయే, లేదా వాని తమ్ముఁడు.

ఇదివఱకే బండి అమ్మి పేరు మార్పింపనివారు, ఈ పాఠము చదివిన దినముననే రవాణా కార్యాలయమునకు వ్రాసి, రసీదు పొందవలెను. గడువు దాఁటినను, తెలుపుట తెలుపకుండుటకంటె మేలు. మా సభ్యుని కుమారుఁడు ఆ నాలుగు నెలలలో ఒక్క పూట వెచ్చించియుండిన, ఈ యేఁడు తన చేను తానే కోసికొనియుండును.

చర్చకుఁ బ్రశ్నలు

1. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ ఎందుకు అక్కఱలేదు?
2. మధ్యవర్తి సొమ్ము పూర్తిగా నిచ్చినను అమ్మినవానికి కష్టమేల కలిగెను?
3. ఒప్పందములో అప్పగించిన గంటను ఏల వ్రాయవలెను?
4. మన గ్రామమున అమ్ముడుపోయి పేరు మాఱని బండ్లు ఎన్ని గలవు? వచ్చు సమావేశమునకు సభ్యులు లెక్క తీసికొని రావలెను.