ఫ్లోరిన్ ఏ శాఖది?

అనంతపురం జిల్లా శింగనమల వైపు హెల్త్ సూపర్‌వైజరుగా చేసి రిటైరైనవాణ్ని. ఇక్కడికి కొత్తగా పోస్టింగు పడ్డ పిల్లలు, నీళ్ల ఏఈ గానీ పీహెచ్‌సీ డాక్టరు గానీ, అప్పుడప్పుడు ఇంటికొచ్చి "సార్, ఈడ ఫ్లోరిన్ సంగతేంది?" అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేవే ఇవి.

1. మీటింగు పెట్టే ముందు జాబితాలు కలపండి. గ్రామీణ నీటి సరఫరా వాళ్ల లెక్క ఆవాసాల వారీగా, మాది సబ్‌సెంటరు వారీగా, విద్యాశాఖది బడి వారీగా ఉంటుంది. భూగర్భజల శాఖ చూసేది తన పరిశీలన బావిని. ఒకే కాలనీ ఒక కాగితంలో ఒక పేరుతో, ఇంకో కాగితంలో వేరే పేరుతో ఉంటుంది, మూడోదాంట్లో పెద్దూళ్లో కలిసిపోయి అసలు కనిపించదు. గారపళ్ల పిల్లోడు ఏ బోరు నీళ్లు తాగి పెరిగినాడో చెప్పలేనప్పుడు డాక్టరు రిపోర్టూ నిజమే, ల్యాబు రిపోర్టూ నిజమే, రెండూ దండగే. బోరుకు ఒక నంబరు వేసి, అదే నంబరు అన్ని శాఖల రిజిస్టర్లలోనూ ఎక్కించండి. ఊళ్లో ఎవరైనా పెద్దాయన్ను పక్కన కూర్చోబెట్టుకుంటే ఒక పూటలో అయ్యే పని ఇది.

2. ఫ్లోరైడు నీళ్లతో వచ్చే ఫ్లోరోసిస్ జబ్బుకు తొందర ఉండదు, అదే దాని బలం. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఫిట్స్ వచ్చి రోడ్ల మీద పడిపోతుంటే ఎయిమ్స్, ఎన్‌ఐఎన్, నీరి, ఐఐసీటీ లాంటి జాతీయ సంస్థలన్నీ రోజుల్లో దిగాయి. రక్తం, నీళ్లు, కూరగాయలు అన్నీ పరీక్షకు పోయాయి. మన దగ్గర ఎవరూ పడిపోరు. నడుము ఏళ్ల తరబడి మెల్లగా బిగుసుకుంటుంది. ఈలోగా నలుగురు ఆఫీసర్లు బదిలీ అయిపోతారు.

3. తాగే నీళ్లొక్కటే చూస్తే సగమే చూసినట్టు. ఇది కాస్త వివరంగా చెప్తాను. ఇప్పుడు ప్రతి ఊళ్లో క్యాన్ నీళ్లున్నాయి. "మేం మినరలే తాగుతాం సార్" అంటారు. నిజమే, తాగడానికి అవే. మరి సంగటి దేంతో కెలుకుతున్నారు? పప్పు, టీ? బోరు నీళ్లతోనే. కాగబెడితే పోతుందని కొందరి నమ్మకం. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు ఎక్కడికీ పోదు, నీళ్లు ఇంకేకొద్దీ చిక్కబడుతుంది. అంగన్వాడీలోనూ, మధ్యాహ్న భోజనంలోనూ ఏ నీళ్లతో వండుతున్నారో చూసే బాధ్యత చాలాచోట్ల ఎవరి రాతలోనూ ఉండదు. నీళ్ల శాఖ కుళాయి దాకా చూస్తుంది, విద్యాశాఖ గుడ్లు లెక్కపెడుతుంది, మేం బరువులు తూస్తాం. ఎనిమిదేళ్ల లోపు, పళ్లు తయారయ్యే వయసులో పట్టిన గార మళ్లీ పోదు. అందుకే ఈ జిల్లాలో పనిచేసే ఏఈ ఎవరైనా సరే, తన పరీక్ష కిట్టుతో మొదట పోవాల్సింది అంగన్వాడీ వంటింటికి. పాలు, రాగులు, మునగాకు, నిమ్మకాయ పిల్లలకు అందేలా చూడమని ఐసీడీఎస్ వాళ్లకు చెప్పండి. తిండిలో కాల్షియం, సి విటమిన్ ఉంటే ఫ్లోరైడు దెబ్బ కొంత తగ్గుతుంది. నీళ్లు మారకుండా తిండి ఒక్కటే కాపాడదు, అది కూడా చెప్పండి.

4. డాక్టరూ ఏఈ ఒకే జీపులో పోవాలి. జబ్బు పట్టిందేమో చూడటానికి ఊళ్లో చేసే పరీక్షలు మూడు. నేల మీది నాణేన్ని వంగి తీయమనాలి, గడ్డం రొమ్ముకు ఆనించమనాలి, చేతులు చాపి తల వెనక పెట్టమనాలి. ఒక అవ్వ నాణెం ముందు సగం వంగి ఆగిపోవడం కళ్లారా చూసిన ఇంజినీరుకు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడు హద్దు గురించి ఎవరూ ఉత్తరం రాయక్కర్లేదు. "తగు చర్య నిమిత్తం" అని పంపిన కాగితానికి "మా పరిధిలోనిది కాదు" అనే జవాబు రావడం నాకు కొత్తేమీ కాదు.

5. ఇలా కలిసి పనిచేయడం మనకు కొత్తేమీ కాదు. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట లోకానికి చెప్పింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. రాసినవాళ్లు షార్ట్, పండిట్, రాఘవాచారి. వీళ్లలో రాఘవాచారి నీటి పరీక్షల మనిషి. వైద్యులూ ఆయనా ఒకే కాగితం మీద పేర్లు పెట్టారు కాబట్టే ఆ జబ్బుకు కారణం దొరికింది.

6. ఎర్ర రంగు వేసి వదిలేయకండి. ఫ్లోరైడు ఎక్కువని బోరింగుకు ఎర్ర రంగు కొట్టి, బదులు నీళ్లు చూపకపోతే ఆడవాళ్లు అదే బోరింగు కొట్టుకుంటారు. ఎందుకు కొట్టుకోరు?

7. అసలు మందు పైనీళ్లు, అంటే కాలవ నీళ్లు, చెరువు నీళ్లు. మన గ్రానైటు నేలలో బోరు లోతుకు పోయేకొద్దీ నీళ్లు రాయిలో ఎక్కువ కాలం నిలిచి ఉంటాయి, అంత ఫ్లోరైడు కరిగించుకుంటాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన చోట అందరూ లోతుకే పోయారు. 1995-96లో సత్యసాయి నీటి పథకం అప్పటి ఉమ్మడి అనంతపురం జిల్లాలో 731 ఊళ్లకు నీళ్లు పట్టుకెళ్లడం ఎంత పెద్ద పనో ఆ ముందరి ఎండాకాలాలు చూసినవాళ్లకు తెలుసు. అయితే ఏ పథకమైనా సరే, పైపు పగిలినా మోటారు కాలినా ఊరు ఆ సాయంత్రమే పాత బోరుకు పోతుంది. ఆ కబురు ఏఎన్ఎంకు అదే రోజు చేరాలి. సరఫరా మళ్లీ మొదలైన రోజు క్లోరిన్ చూడాల్సింది కూడా ఆమే.

8. చిన్న డబ్బు ఉంది, వాడండి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీకి ఏటా పది వేల దాకా వస్తాయి.

9. టీడీఎస్ మీటరును నమ్మి మోసపోకండి. క్యాన్ నీళ్ల ప్లాంటువాళ్లు దాన్ని నీళ్లలో ముంచి అంకె చూపిస్తారు. అది కరిగిన లవణాలన్నిటి మొత్తం, అందులో ఫ్లోరైడు ఎంతో చెప్పదు. ఆ ప్లాంటు వదిలేసిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయో కూడా నడిచి చూడండి. తీసేసిన ఫ్లోరైడంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. కాలవలో పారి గుంతలో నిలుస్తుంది, గొర్లూ ఎనుములూ దాంట్లో మూతి పెడతాయి. మండల మీటింగులో పశువుల డాక్టరు సంతకం పెట్టి వెనక వరసలో కూర్చుంటాడు, ఈ గుంత సంగతి ఆయనకు చెప్పేవాళ్లు లేరు. ఈసారి ఆయన్ను ముందు మాట్లాడించండి. పంచాయతీ సెక్రటరీని పిలిచి, ఆ గుంత చుట్టూ ఆ వారమే కంప కొట్టించండి.