వెలుగు ఎటు నుంచి పడుతోంది?

మొయినాబాద్

మనవరాలికి,

చేవెళ్ల నుంచి నువ్వు పంపిన సైనికుల బొమ్మల ఫొటోలన్నీ చూశాను, బిడ్డా. రంగు ఎక్కడా హద్దు దాటలేదు, గుండీలు కూడా పొందిగ్గా దిద్దావు. అయినా సైనికుడిలో జీవం లేదని బాధపడుతున్నావు. ఖరీదైన రంగులు కొంటే బాగుపడుతుందా అని అడిగావు. నీ దగ్గరున్న అక్రిలిక్ రంగులే చాలు. లోటంతా వెలుగునీడల్లో ఉంది.

నీ బొమ్మ ఎత్తు 54 మిల్లీమీటర్లు. అంటే నిజమైన మనిషిలో దాదాపు 32వ వంతు. మన చొక్కా మడతలో నీడ సహజంగానే పడుతుంది. బొమ్మ చొక్కా మడత లోతు మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి అక్కడ నీడ కంటికి ఆనదు. ఆ నీడను మనమే వెయ్యాలి. వెయ్యాలంటే వెలుగు ఎటు నుంచి పడుతోందో ముందే నిశ్చయించుకోవాలి.

ఈ పాఠం మన బీజాపూర్ రోడ్డు మీదే ఉంది. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఉన్న ఆ మర్రిచెట్ల దగ్గరికి మిట్టమధ్యాహ్నం అమ్మను తోడు తీసుకుని వెళ్లు. ఎండలో నిలబడ్డ మనిషి ముఖం చూడు. నుదురు, ముక్కు దూలం, చెంప ఎముకలు, కింది పెదవి, గడ్డం కొన మెరుస్తుంటాయి. కళ్ల గుంటలు, ముక్కు కింది భాగం, పై పెదవి, దవడ కింద మెడ చీకటిగా ఉంటాయి. అదే మనిషి చెట్టు కిందికి వస్తే ఆ తేడా చాలావరకు చెరిగిపోతుంది. నీ బొమ్మలన్నీ ఇప్పుడు మర్రినీడలో ఉన్నాయి. వాటిని ఎండలోకి తీసుకురా.

ఇక పని దగ్గరికి వద్దాం. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి చెక్కతో చేసిన బొమ్మకు సున్నం పూసి, ఆరాకే రంగులు వేస్తారు. మన ప్లాస్టిక్, రెజిన్ బొమ్మలకు ఆ పని ప్రైమర్ చేస్తుంది. బొమ్మను సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టు. ముందు ముదురు బూడిదరంగు ప్రైమర్ అంతటా కొట్టు. అది ఆరాక లేత బూడిదరంగు తలపై నుంచి మాత్రమే కొట్టు. వెలుగు పడే చోట్లన్నీ నీకే కనబడతాయి. నడివేసవి మధ్యాహ్నం స్ప్రే చేస్తే రంగు గాలిలోనే ఎండి గరుకుగా దిగుతుంది, ముసురు రోజుల్లో పాలిపోతుంది. పొడిగా ఉన్న ఉదయం పూట చెయ్యి.

రంగు పల్చటి మజ్జిగలా ఉండాలి. ఒక్క పూతలో కప్పెయ్యాలని చూడకు. పూత మీద పూత వేస్తూ, ప్రతిసారీ కాస్త లేత రంగును కాస్త చిన్న జాగాలో వెయ్యి. మన ఎండలకు రంగు చిటికెలో ఎండిపోతుంది కాబట్టి టిఫిన్ డబ్బా మూతలో తడి టిష్యూ పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి రంగు కలుపుకో.

ఇప్పుడు నీ చేతిలో ఉన్నది హైదరాబాద్ లాన్సర్, అంటే బల్లెం పట్టే రౌతు బొమ్మ. మొదటి ప్రపంచ యుద్ధంలో 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడ్‌లో జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లతో పాటు నిజాం సంస్థానపు రౌతులు కూడా పాలస్తీనాలో పనిచేశారు. ఢిల్లీలో 1922లో నిలిపిన తీన్‌మూర్తి స్మారకం ఈ మూడు సంస్థానాల రౌతులదే. లియోనార్డ్ జెన్నింగ్స్ రూపొందించిన ఆ మూడు కంచు విగ్రహాల్లో ఒకటి మన హైదరాబాద్ రౌతుది. అతని ముఖానికి సీసాలో దొరికే తెల్లవాళ్ల చర్మపు రంగు వెయ్యకు. బర్న్‌ట్ సియెన్నాలో కొంచెం ఎల్లో ఓకర్ కలిపి మొదలుపెట్టు. నీడకు బర్న్‌ట్ అంబర్, వెలుగుకు ఇంకాస్త ఓకర్ కలుపు. తెలుపు కలిపితే ముఖం బూడిద పూసినట్టు అవుతుంది. కన్ను ఈ కొలతలో మిల్లీమీటరు వెడల్పు ఉండదు. అందులో అచ్చమైన తెలుపు పెడితే బెదిరిపోయిన చూపు వస్తుంది. లేత గోధుమరంగు వేసి, పై రెప్పకు ముదురు గీత గీసి, ఆ గీతను తాకేలా నల్లగుడ్డు పెట్టు.

ఖాకీకీ ఇదే సూత్రం. నీడకు నలుపు వద్దు, ముదురు గోధుమరంగు కలుపు. వెలుగుకు లేత ఇసుకరంగు కలుపు. ఛాతీ మీది తోలు పట్టీ అంచులు చేతులు తగిలి అరిగేవి కాబట్టి అక్కడ సన్నని లేత గీత చాలు. కాళ్లకు చుట్టిన పట్టీల మీద దుమ్ము, కింద నువ్వు చేసే నేల ఒకే రంగులో ఉండాలి.

పని సగంలో ఉండగానే ఫోన్‌తో ఫొటో తీసి నలుపు తెలుపుల్లోకి మార్చి చూడు. ముఖం, తలపాగా, చొక్కా ఒకే బూడిదరంగులో కలిసిపోతే వెలుగునీడల తేడా ఇంకా పెంచాలి. ఒక్కో బొమ్మకు ఒక్క పాఠమే పెట్టుకో. ఈ లాన్సర్‌తో ముఖం నేర్చుకో, మిగతాది ఎలా వచ్చినా దిగులు పడకు. వచ్చే బొమ్మతో బట్ట మడతలు, ఆ తర్వాత తోలు, ఇనుము. అన్నీ ఒకేసారి సాధించాలనుకుంటే ఏ తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు. ముఖం పూర్తికాకముందే నాకు ఒక ఫొటో పంపు. సరిదిద్దడానికి వీలున్నప్పుడే కలిసి చూద్దాం.

ఇట్లు,
నీ తాత