మూడునాళ్ళ భోజనశాల

వెల తీసుకొని అన్నం పెట్టడం తెలుగువారికి కొత్త కాదు. ఓరుగల్లులోని పూటకూళ్ళ ఇంటి భోజనాన్ని ‘క్రీడాభిరామం’ కమనీయంగా వర్ణించింది. నేడు కొద్దిరోజులు మాత్రమే నడిచే భోజనశాలను ‘పాప్-అప్ రెస్టారెంట్’ అంటున్నారు.

హైదరాబాదులోని జూబ్లీహిల్స్ వంటి సంపన్న ప్రాంతంలో శాశ్వతంగా హోటలు తెరవాలంటే భారీ అడ్వాన్సు, దీర్ఘకాలపు లీజు అవసరమవుతాయి. అంత స్తోమత లేని వంటవారు, వంటగది ఉన్న కెఫేను రెండు మూడు రోజులకు అద్దెకు తీసుకొని తమ పాకనైపుణ్యాన్ని పరీక్షించుకుంటారు.

ఇక్కడే మెలకువ అవసరం. లీజు వలన స్థలాన్ని అనుభవించే హక్కు సంక్రమిస్తుంది. లైసెన్సు వలన వాడుకొనే అనుమతి మాత్రమే లభిస్తుంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఆ అనుమతిని యజమాని సాధారణంగా రద్దు చేయవచ్చు. సరుకులు కొని, అతిథులను పిలిచిన తరువాత యజమాని తలుపు మూస్తే వంటవాని కష్టార్జితం ఒక్కపూటలో బూడిదపాలవుతుంది. కనుక తేదీలు, వేళలు, వంటగది వాడకం, కరెంటు ఖర్చు, అడ్వాన్సు వాపసు, రద్దయితే ఇవ్వవలసిన పరిహారం మొదలైన వాటిని ముందే కాగితంపై వ్రాసుకోవాలి. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కోరే లైసెన్సు గాని, రిజిస్ట్రేషన్ గాని కూడా ఉండాలి.

ఏళ్ళ తరబడి నడిచే హోటలుకు పొరపాటును దిద్దుకొనే వ్యవధి ఉంటుంది. మూడునాళ్ళ భోజనశాలకు ఆ వ్యవధి లేదు.

ప్రశ్న: లీజుకు, లైసెన్సుకు గల భేదాన్ని వివరించండి.